నేల శుభ్రమైతే గాలి శుభ్రమైనట్టేనా?

మా వీధి చివర ఒక వడ్రంగి మేస్త్రి వున్నాడు. ఇంటి ముందు వసారాయే అతని కొట్టు. పదిహేనేళ్ళ క్రితం ఆ దారిన వెళ్తుంటే రంపం కోత చప్పుడు, ఉలి మీద సుత్తి దెబ్బలు వినిపించేవి. చిత్రిక పడుతూ వుంటే ఉంగరాలు చుట్టుకున్న చెక్కపేళ్ళు అతని కాళ్ళ దగ్గర కుప్పగా పడేవి. మేము చిన్న పిల్లలకు ఆడుకోవడానికి అవి ఏరి తెచ్చి ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు అక్కడ అన్నీ కరెంటు పనిముట్లే. చక్రం రంపం బిగించిన బల్ల, అంచులు తీర్చే రూటరు, చెక్కను నునుపు చేసే శాండరు. ఉదయం తొమ్మిది దాటితే మోటార్ల మోత, దాని వెంటే పసుపు పచ్చని దుమ్ము.

కిందటేడు మేస్త్రి నన్ను ఒక సలహా అడిగాడు. “మాస్టారూ, మా అమ్మాయి తొమ్మిదో క్లాసు. ఈ పక్క గదిలోనే కూర్చుని చదువుకుంటుంది. రాత్రయితే ఒకటే దగ్గు. డాక్టరు గారు చూసి మందులిచ్చి, ముందు ఇంట్లో దుమ్ము తగ్గించుకోమన్నారు. దుమ్ము లాగే మిషను కొందామని షాపుకు వెళ్తే మూడు రకాలు చూపించారు. మీరు సైన్సు చెప్పేవారు గదా, ఏది కొనమంటారు?” అన్నాడు.

నేను పెద్దగా ఆలోచించలేదు. “ఎక్కువ హార్స్‌పవరు మోటారు వున్నది కొనండి మేస్త్రీ, అదే ఎక్కువ లాగుతుంది” అన్నాను. అతను అప్పు చేసి పెద్ద బ్లోయరు కొన్నాడు. దానికి నిలువెత్తు గుడ్డ సంచి. వారం తిరిగేసరికి కొట్టులో నేల అద్దంలా వుంది. నేను వెళ్ళి చూసి, నా సలహాకు నేనే మురిసిపోయాను.

అమ్మాయి దగ్గు మాత్రం తగ్గలేదు.

ఒకరోజు సాయంత్రం ఆ అమ్మాయే మా ఇంటికి వచ్చింది. “మాస్టారూ, ఒక్కసారి మా కొట్టుకు వస్తారా? మీకొకటి చూపించాలి” అంది. వెళ్ళాను. అప్పుడే పని ఆపారు. అమ్మాయి లైట్లు ఆర్పి, వసారా ఆ చివర బల్ల మీద ఒక టార్చిలైటు వెలిగించి పెట్టింది. వెలుగు నా వైపు వచ్చేట్టు నిలబడి చూడమంది. చూశాను. టార్చి నుంచి నా దాకా ఒక తెల్లని స్తంభం పరిచినట్టుంది. అందులో లక్షల నలుసులు మెల్లగా తేలుతున్నాయి. బ్లోయరు మళ్ళీ నడపమన్నాను. నడిపారు. దుమ్ము తగ్గలేదు సరికదా, గుడ్డ సంచి చుట్టూ పొగలా ఇంకొంచెం లేచింది!

“నేల మీద దుమ్ము లేదు మాస్టారూ. గాల్లో వుంది” అంది అమ్మాయి.

నేను ఇచ్చిన సలహా తప్పు. ఎందుకు తప్పయిందో మీకు చెప్పడానికే ఈ వ్యాసం. మీలో చాలామంది ఇళ్ళలోనో, పక్క ఇళ్ళలోనో ఇలాంటి కొట్లు వుండే వుంటాయి. ఆ పొరపాటు మీ ఇంట్లో జరగకూడదు.

కనబడే దుమ్ము, కనబడని దుమ్ము

చెక్కను కోసినప్పుడు రకరకాల పరిమాణాల కణాలు పుడతాయి. రంపపు పొట్టులో పెద్ద పలుకులు కంటికి కనబడతాయి. వాటితో పాటు కంటికి ఆనని సన్నకణాలు కూడా వుంటాయి. వీటిని మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాను. మన తలవెంట్రుక మందం సుమారు 50 నుంచి 100 మైక్రాన్లు.

ఇప్పుడొక చిన్న లెక్క చూద్దాం. నీటితో సమానమైన సాంద్రత గల గుండ్రని కణాలు మూడు తీసుకుందాం. ఒకటి 100 మైక్రాన్లది, ఒకటి 10 మైక్రాన్లది, మరొకటి 1 మైక్రానుది. మూడింటినీ నిలబడ్డ మనిషి ముక్కు ఎత్తు నుంచి, అంటే ఒకటిన్నర మీటరు నుంచి, కదలని గాలిలో వదిలిపెడదాం. మొదటిది సుమారు ఆరు సెకన్లలో నేలకు చేరుతుంది. రెండోదానికి ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది. మూడోది చేరడానికి దాదాపు 12 గంటలు!

ఎందుకింత తేడా? కణం బరువు దాన్ని కిందికి లాగుతుంది. గాలి నిరోధం పైకి నెడుతుంది. కణం చిన్నదైన కొద్దీ బరువు చాలా వేగంగా తగ్గిపోతుంది, నిరోధం అంత వేగంగా తగ్గదు. వ్యాసం పదోవంతయితే కిందికి దిగే వేగం సుమారు నూరోవంతవుతుంది. చెక్క కణాలు గుండ్రంగా వుండవు. ఆ ఆకారం వల్ల దిగే వేగం కొంత తగ్గుతుంది. నిజమైన గదిలో గాలి కదలకుండా వుండదు గదా! తలుపు తీస్తే, మనిషి నడిస్తే, ఫ్యాను తిరిగితే అవి మళ్ళీ పైకి లేస్తాయి.

అంటే సాయంత్రం అయిదింటికి మేస్త్రి పని ఆపి, నేల వూడ్చి, దీపం పెట్టిన తర్వాత కూడా ఆ సన్నదుమ్ము గాలిలోనే వుంటుందన్నమాట. రాత్రి ఎనిమిదింటికి పుస్తకం తెరిచిన అమ్మాయి పీల్చేది దాన్నే.

మన శరీరానికి కొంత రక్షణ వుంది. పెద్ద కణాలను ముక్కులోని వెంట్రుకలు, జిగురు పట్టేస్తాయి. సుమారు 10 మైక్రాన్ల కంటే చిన్నవి గొంతు దాటి వూపిరితిత్తుల వైపు పోగలవు. రెండున్నర మైక్రాన్లకు లోపువి చిట్టచివరి గాలితిత్తుల దాకా వెళ్ళగలవు. చూడండి ఎంత చిత్రమో! ఏ దుమ్ము కంటికి కనబడి మనల్ని చిరాకు పెడుతుందో అది తక్కువ ప్రమాదం. ఏది కనబడదో అదే లోపలి దాకా పోతుంది.

కుర్చీల వూరు నేర్పిన పాఠం

చెక్కదుమ్ము మరీ అంత హాని చేస్తుందా అని మీకు సందేహం రావచ్చు. దీనికి జవాబు ఇంగ్లండులో దొరికింది. బకింగ్‌హామ్‌షైర్ జిల్లాలో హై వైకోంబ్ అనే పట్టణం వుంది. కుర్చీలకు, మేజాలకు అది పేరుమోసిన చోటు. అక్కడ చెవి, ముక్కు, గొంతు వైద్యురాలిగా పనిచేసిన ఎస్మే హ్యాడ్‌ఫీల్డ్ 1960ల్లో ఒక సంగతి గమనించారు. ముక్కు లోపల చాలా అరుదుగా వచ్చే ఒకరకం క్యాన్సరు తన దగ్గరికి వచ్చే రోగుల్లో ఎక్కువగా కనిపిస్తోంది. వారిలో చాలామంది కుర్చీల ఫ్యాక్టరీల్లో పనిచేసినవారే. ఆమె, మరికొందరు పరిశోధకులు కలిసి లెక్కలు తీశారు. ఆ వివరాలు 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. తర్వాత ఇతర దేశాల్లోనూ పరిశోధనలు జరిగాయి. చివరకు 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్కదుమ్మును మనుషుల్లో క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది.

ఇది చదివి భయపడనక్కర లేదు. ఆ కార్మికులు ఏళ్ళ తరబడి దట్టమైన దుమ్ములో పనిచేసినవారు. ఆ జబ్బు ఇప్పటికీ అరుదైనదే. కాని వుబ్బసం, ఆగని తుమ్ములు, ముక్కు దిబ్బడ, కళ్ళ మంటలు అరుదైనవి కావు. టేకు, రోజ్‌వుడ్ దుమ్ము కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది. ఈ రోజుల్లో విరివిగా వాడే ఎండీఎఫ్ పలకలను చెక్కనారను ఫార్మాల్డిహైడ్ కలిసిన జిగురుతో అదిమి చేస్తారు. వాటిని కోస్తే వచ్చే దుమ్ము మరీ మెత్తన.

కార్మికులు పీల్చే గాలిలో ఎంత దుమ్ము వుండవచ్చునో కొన్ని దేశాలు హద్దు పెట్టాయి. గట్టి కలప దుమ్ముకు బ్రిటన్ పెట్టిన హద్దు ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలికి 3 మిల్లీగ్రాములు. ఐరోపా సమాజ దేశాల్లో 2023 నుంచి అది 2 మిల్లీగ్రాములే. మేస్త్రి వసారా పొడవు నాలుగు మీటర్లు, వెడల్పు మూడు, ఎత్తు మూడు. అంటే 36 ఘనపు మీటర్లు. బ్రిటన్ హద్దు ప్రకారం ఆ మొత్తం గాలిలో వుండదగిన దుమ్ము 108 మిల్లీగ్రాములు. అంటే గ్రాములో పదోవంతు, చిటికెడు పిండి కంటే తక్కువ! శాండరును నాలుగు నిమిషాలు ఆడించి ఆ బల్ల తుడిచి చూడండి, చిటికెడు ఎంత సులభంగా దాటిపోతుందో తెలుస్తుంది.

వూదడం వేరు, పీల్చడం వేరు

ఇప్పుడు మీరే ఒక ప్రయోగం చేయండి. పలచని కాగితం ముక్క ఒకటి దారానికి కట్టి వేలాడదీయండి. శీతలపానీయం తాగే గొట్టం నోట పెట్టుకుని, జానెడు దూరం నుంచి వూదండి. కాగితం కదులుతుంది. ఇప్పుడు అదే దూరం నుంచి గొట్టంతో గాలి పీల్చండి. కాగితం కదలదు. గొట్టం మొనను కాగితానికి దాదాపు ఆనించి పీల్చండి. టక్కున వచ్చి అంటుకుంటుంది.

వూదినప్పుడు గాలి ఒకే దిక్కున బాణంలా పోతుంది. పీల్చినప్పుడు అన్ని దిక్కుల నుంచీ గాలి గొట్టంలోకి వస్తుంది. అందుచేత కొంచెం దూరం జరిగితే చాలు, లాగే వేగం పడిపోతుంది. ఇంజనీర్లు చెప్పే లెక్క ఇది: గాలిని వూదే గొట్టం ముందు, దాని వ్యాసానికి ముప్ఫై రెట్ల దూరంలో కూడా వేగం పదోవంతు మిగిలి వుంటుంది. పీల్చే గొట్టమైతే, దాని వ్యాసమంత దూరం వెళ్ళేసరికే వేగం పదోవంతుకు పడిపోతుంది. నాలుగంగుళాల గొట్టం మూతికి నాలుగంగుళాల ముందు పట్టే వేగం పదింట ఒక వంతే!

మేస్త్రి బ్లోయరు గొట్టం ఎక్కడ వుందో తెలుసా? రంపపు బల్లకు రెండడుగుల దూరంలో, నేలకు దగ్గరగా. నేల మీద పడ్డ పొట్టును అది చక్కగా లాగింది. రంపం పళ్ళ దగ్గర పుట్టి గాలిలోకి ఎగిరిన సన్నదుమ్ము మాత్రం దాని ఛాయలకే రాలేదు.

కాబట్టి మొదటి సూత్రం: దుమ్మును అది పుట్టిన చోటే పట్టాలి. గదిలో కలిసిపోయాక పట్టుకోవడమంటే చెరువులో కలిసిన చెంబెడు పాలను మళ్ళీ చెంబులోకి తీయాలనుకోవడమే.

మూడు యంత్రాలు, మూడు పనులు

షాపువాళ్ళు మేస్త్రికి చూపించిన మూడు రకాలేమిటో ఇప్పుడు చూద్దాం.

మొదటిది బ్లోయరు. ఇది ఎక్కువ గాలిని తక్కువ బలంతో లాగుతుంది. వెడల్పైన కాలువలో నీరు నిదానంగా, కాని బోలెడంత పారుతుంది చూడండి, అలాగన్నమాట. చక్రం రంపం, చిత్రిక మిషను వంటివి పొట్టునూ పేళ్ళనూ కుప్పలుగా వదులుతాయి. వాటికి ఇది సరైనది. అయితే దీని గొట్టం వెడల్పుగా వుండాలి. పొట్టు దారిలో పడిపోకుండా సాగాలంటే గొట్టంలో గాలి సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో పోవాలి. పది సెంటీమీటర్ల వ్యాసం గల గొట్టంలో ఆ వేగంతో నిమిషానికి తొమ్మిదిన్నర ఘనపు మీటర్ల గాలి పోతుంది. వ్యాసం సగం చేశారనుకోండి, గాలి సగం కాదు, నాలుగోవంతే పోతుంది. వలయ వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుందని మీరు లెక్కల్లో చదివిందే ఇక్కడ పనికి వస్తుంది. మేస్త్రి తన పెద్ద బ్లోయరుకు సన్న గొట్టం తగిలించి శాండరుకు కలపబోయాడు. గాలి లాగనే లేదు. కాలువను సన్న గొట్టంలోకి దూర్చబోతే ఏమవుతుంది మరి?

రెండవది కొట్ల కోసం చేసిన వ్యాక్యూం క్లీనరు. ఇది తక్కువ గాలిని ఎక్కువ బలంతో లాగుతుంది. సన్న గొట్టమైనా ఫరవాలేదు. చేతిలో పట్టుకుని వాడే శాండరుకు, రూటరుకు, చిన్న రంపానికి ఇదే తగినది. ఇలాంటి పనిముట్లలో చాలావాటికి దుమ్ము బయటికి వచ్చే చిన్న మూతి వుంటుంది. గొట్టాన్ని సరిగ్గా అక్కడే బిగించవచ్చు. పుట్టిన చోటే పట్టడమంటే ఇదే.

మూడవది కప్పుకు వేలాడదీసే పెట్టె. లోపల ఫ్యాను, ఫిల్టరు వుంటాయి. గది గాలిని మళ్ళీ మళ్ళీ వడపోస్తుంది. ఇది చెడ్డదేమీ కాదు. కాని ఒక్క సంగతి ఆలోచించండి. దుమ్ము చెక్క దగ్గర పుట్టి, మనిషి ముక్కు ముందు నుంచే పైకి లేచి, ఆ తర్వాత పెట్టెలోకి పోతుంది. అంటే మొదట వడపోసేది పెట్టె కాదు, మన వూపిరితిత్తులే! కాబట్టి మొదటి రెండూ అమర్చాక మిగిలిన దుమ్ము కోసం దీన్ని పెట్టుకోవచ్చు. వాటికి బదులుగా మాత్రం కాదు.

ఇక ఫిల్టరు సంగతి. పిండిని జల్లెడ పడితే చిన్న రవ్వ కిందికి పోయినట్టే, మామూలు గుడ్డ సంచిలో నుంచి సన్నదుమ్ము బయటికి వచ్చేస్తుంది. చవక సంచులు చాలావరకు 30 మైక్రాన్ల వంటి ముతక కణాలను ఆపడానికి తయారైనవి. 10 మైక్రాన్లకు లోపు దుమ్ము అందులో నుంచి పొగలా వచ్చి గది నిండా చిమ్ముతుంది. ఆనాడు టార్చి వెలుగులో నేను చూసింది ఇదే. పెద్ద మోటారుకు ముతక సంచి తగిలిస్తే అది దుమ్ము పట్టే యంత్రం కాదు. నేల మీది దుమ్మును ముక్కు ఎత్తుకు లేపే యంత్రం!

హెపా అని పిలిచే మేలురకం ఫిల్టరు వుంది. 0.3 మైక్రాన్ల కణాల్లో నూటికి 99.97 వంతులు ఆపగలదు. 1940ల్లో అణుబాంబు తయారీ సమయంలో రేడియోధార్మిక ధూళిని ఆపడం కోసం అమెరికాలో రూపొందిన ఫిల్టర్ల నుంచి ఇది పుట్టింది. ఇప్పుడు వ్యాక్యూం క్లీనర్లలో కూడా దొరుకుతోంది.

అందుకే షాపులో “ఎన్ని హార్స్‌పవర్లు?” అని అడగడం సరిపోదు. మూడు ప్రశ్నలు వేయాలి. నా గొట్టంలో నిమిషానికి ఎంత గాలి లాగుతుంది? దుమ్ము పుట్టేచోటికి దీని మూతి ఎంత దగ్గరగా రాగలదు? ఫిల్టరు ఎన్ని మైక్రాన్ల దాకా ఆపుతుంది? ఈ మూడింటికీ జవాబు చెప్పలేని యంత్రాన్ని రంగు చూసో, మోటారు బరువు చూసో కొనకూడదు.

సుడిగాలి చేసే సాయం

మంచి ఫిల్టరుకు ఒక ఇబ్బంది వుంది. పొట్టంతా దాని మీదికే పోతే గంటలో పూడుకుపోతుంది. పూడుకుపోయిన ఫిల్టరు గాలిని లాగనివ్వదు. దీనికి ఉపాయం శంకువు ఆకారపు డబ్బా. దాన్ని సైక్లోను అంటారు. బస్సు మలుపు తిరిగేటప్పుడు మీరు బయటి వైపుకు వొరుగుతారు గదా! డబ్బాలోకి పక్క నుంచి దూసుకొచ్చిన గాలి గిరగిరా తిరుగుతుంది. బరువైన పొట్టు మలుపు తిరగలేక గోడకు కొట్టుకుని, జారి, కింది డ్రమ్ములో పడుతుంది. గాలి మాత్రం మధ్యలో నుంచి పైకి పోతుంది.

రంపపు మిల్లుల మీద వుండే ఈ శంకువులను చూసే బ్రిటన్‌కు చెందిన జేమ్స్ డైసన్ సంచి లేని వ్యాక్యూం క్లీనరు ఆలోచన చేశాడు. దాన్ని సరిచేయడానికి 1979 నుంచి 1984 దాకా 5,127 నమూనాలు కట్టాడు. వడ్రంగం నుంచి ఇంటి పనిముట్టు పుట్టిందన్నమాట. ఈ రోజు వడ్రంగి కొట్టుకు చిన్న ప్లాస్టిక్ సైక్లోనులు దొరుకుతున్నాయి. మూత గట్టిగా బిగిసే డ్రమ్ము మీద అమర్చుకుంటే చాలు. అయితే సైక్లోను ఆపేది ముతక పొట్టునే. అతి సన్నని దుమ్ము గాలితో పాటే తిరిగి పైకి పోతుంది. అది ఫిల్టరుకు తోడే గాని ఫిల్టరుకు బదులు కాదు.

మన వూళ్ళకు తగిన పద్ధతి

చలి దేశాల్లో వడ్రంగులు కిటికీలు మూసుకుని పనిచేస్తారు. గదిని వేడి చేసిన గాలిని బయటికి వదిలితే ఖర్చు. అందుకని అదే గాలిని వడపోసి మళ్ళీ గదిలోకి వదులుతారు. అక్కడి యంత్రాలన్నీ ఆ అవసరం కోసం పుట్టినవి. మనకా అవసరం ఏముంది? ఏడాదిలో అధిక భాగం తలుపులు తీసుకుని పనిచేసే నేల మనది. బ్లోయరు బయటికి వదిలే గాలిని సైక్లోను మీదుగా పెరటి వైపు గొట్టంతో పంపేస్తే గది గాలి చాలావరకు తేలికపడుతుంది. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. ఆ గొట్టం పక్కింటి వంటింటి వైపో, వీధి వైపో తెరుచుకోకూడదు. మన దుమ్ము మరొకరి ముక్కుకు బదిలీ చేయడం పరిష్కారం కాదు. బయటికి పోయినంత గాలి లోపలికి రావడానికి ఎదురు వైపు కిటికీ తెరిచి వుండాలి. పిల్లలు చదువుకునే గది తలుపు మాత్రం పని జరిగేంత సేపూ మూసి వుండాలి.

మేస్త్రి కొట్టులో మేము చేసిన మార్పులు ఇవి. బ్లోయరును పెరట్లోకి జరిపి, మధ్యలో సైక్లోను డ్రమ్ము పెట్టాం. దాని గొట్టం మూతిని రంపపు బల్ల కిందికి, పళ్ళ దగ్గరికి తెచ్చాం. రంపం మీద కూడా ఒక చిన్న తొడుగు అమర్చాం. శాండరుకు మేలురకం ఫిల్టరున్న చిన్న వ్యాక్యూం బిగించాం. దీన్ని కొనడానికి మేస్త్రికి ఇంకో మూడు నెలలు పట్టింది. మొదట నేను సరైన సలహా ఇచ్చి వుంటే పెద్ద మోటారుకు పెట్టిన డబ్బులో కొంత దీనికి మిగిలేది. అందుకే ఈ మాట రాస్తున్నప్పుడు నాకు సిగ్గుగానే వుంది.

ఖర్చు లేనివి కూడా కొన్ని వున్నాయి. మన ఇళ్ళలో వాకిలి వూడ్చే ముందు నీళ్ళు చిలకరిస్తారు. దుమ్ము లేవకుండా వుండడానికే గదా! కొట్టులోనూ పొడి చీపురు వాడకూడదు. కరెంటు పనిముట్లకు దూరంగా, కొంచెం తడి చేసిన పొట్టు చల్లి వూడిస్తే దుమ్ము దానికి అంటుకుని వస్తుంది. బట్టల మీది దుమ్మును గాలి గొట్టంతో వూదడం మరీ చెడ్డ అలవాటు. 2020లో మనందరం నేర్చుకున్న మాస్కు ఇక్కడా పనికి వస్తుంది. కాని చేతిరుమాలు మాస్కు కాదు. ఎన్95 రకం మొహానికి గట్టిగా అంటుకుంటేనే ఫలితం. అది చివరి కాపలాదారు. ముందు గేట్లన్నీ తెరిచి పెట్టి చివరి కాపలాదారు మీద భారం వేయకూడదు.

ఇంకొక హెచ్చరిక. పొడి చెక్కదుమ్ము గాలిలో దట్టంగా కలిస్తే నిప్పురవ్వ తగిలి పేలగలదు. 2012లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూడు నెలల తేడాతో రెండు రంపపు మిల్లులు ఇలాగే పేలాయి. ఒక్కొక్క చోట ఇద్దరు కార్మికులు చనిపోయారు. వసారా కొట్టులో అంత దుమ్ము చేరడం అరుదే. అయినా డ్రమ్మును ఏ రోజుకారోజు ఖాళీ చేయాలి. దూలాల మీద దుమ్ము పేరనివ్వకూడదు. ఆ చుట్టుపక్కల బీడీ ముట్టించకూడదు.

“మా తాతలు బతకలేదా?”

ఈ సంగతులు చెప్పినప్పుడు మేస్త్రి ఒక మాట అన్నాడు. “మా తాత ఎనభై ఏళ్ళు బతికాడు మాస్టారూ. జీవితమంతా చెక్కపనే. ఆయనకేం మిషను వుంది?”

ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. తాత చేతిలో వున్నవి బాడిస, ఉలి, చిత్రిక. బాడిస పలుకులు రాలుస్తుంది, చిత్రిక పేళ్ళు తీస్తుంది. చేతిరంపం పొట్టు చాలావరకు ముతకది, నిదానంగా పడేది. గరుకు కాగితంతో రుద్దినప్పుడు సన్నదుమ్ము లేచినా, చెయ్యి ఎంత వేగంగా ఆడుతుంది? మోటారు నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది. చెక్కను మెత్తని పిండి చేసి గాలిలోకి విసురుతుంది. తాత కాలంలో ఎండీఎఫ్ జిగురూ లేదు. పనిముట్టు మారింది, పదార్థం మారింది. ముక్కు మాత్రం తాత నాటిదే. మనవడు తాత చిత్రికను వదిలి మోటారును తెచ్చుకున్నప్పుడు, మోటారుతో పాటు రావలసిన రక్షణను కూడా తెచ్చుకోవాలి గదా!

నా అభిప్రాయం ఇది. దుమ్ము పట్టే ఏర్పాటును “డబ్బు మిగిలితే తర్వాత కొందాం” అనే అలంకారంగా చూడకూడదు. అది యంత్రంలో ఒక భాగం, సైకిలుకు బ్రేకు లాగా. బ్రేకు లేని సైకిలును చవకగా వస్తోందని మీ నాన్నగారు మీకు కొనిపెడతారా? శాండరు కొంటే దానికి పట్టే వ్యాక్యూం ఖరీదు కూడా కలిపే అసలు ధర లెక్క వేయాలి. అంత డబ్బు లేకపోతే, ఒక కొత్త మిషను తగ్గించుకుని అయినా వున్నదానికి రక్షణ కల్పించాలి. ముఖ్యంగా ఇంట్లో వున్న కొట్టుకు ఇది మరీ అవసరం. ఫ్యాక్టరీలో పనివాడు సాయంత్రానికి దుమ్మును వదిలి ఇంటికి పోతాడు. కొట్టే ఇల్లయినప్పుడు దుమ్ము రాత్రంతా పిల్లల దగ్గరే వుంటుంది. ఫ్యాక్టరీని తనిఖీ చేసే అధికారి ఇంటి వసారాలోకి రాడు. అక్కడ తనిఖీ చేయవలసింది ఇంట్లోవాళ్ళే.

ఆ తనిఖీకి పెద్ద పరికరాలు అక్కర్లేదు. అమ్మాయి చేసినట్టు చీకటి, ఒక టార్చిలైటు చాలు. వెలుగును నేరుగా కంట్లోకి పడనీయకుండా, వెలుగు వచ్చే వైపుకు చూడాలి. సన్నకణాలు తమ మీద పడ్డ వెలుగును చెదరగొట్టి కనబడతాయి. సినిమా హాల్లో ప్రొజెక్టరు వెలుగులో దుమ్ము కనబడేది కూడా ఇలాగే. పనికి ముందు ఒకసారి, పని ఆపిన వెంటనే ఒకసారి, గంట తర్వాత ఒకసారి చూసి నోటు పుస్తకంలో రాసుకోండి. ఒక మార్పు చేశాక మళ్ళీ చూడండి. ఒకేసారి రెండు మార్పులు చేయకండి. ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.

మేస్త్రి కొట్టులో మార్పులన్నీ అయ్యాక అమ్మాయి మళ్ళీ టార్చి పెట్టింది. తెల్లని స్తంభం పోయి, అక్కడక్కడా మెరిసే నలుసులు కొన్ని మిగిలాయి. అమ్మాయి దగ్గు ఇప్పుడు తగ్గింది. అది దుమ్ము తగ్గడం వల్లనే అని నేను అనను. మందులూ వాడింది, కాలమూ మారింది. ఒక్క ఇంటిని చూసి సైన్సు తీర్పు చెప్పదు. గాలిలో దుమ్ము తగ్గిందని మాత్రం మేమందరం కళ్ళారా చూశాం.

మీ వీధిలోనూ ఒక వడ్రంగి కొట్టు వుండే వుంటుంది. ఈ ఆదివారం చీకటి పడ్డాక, ఆ మేస్త్రి గారిని అడిగి, ఒక టార్చిలైటు తీసుకుని వెళ్ళండి. ఆయనకు ఉపదేశాలేమీ చెప్పకండి. వెలుగు వేసి చూపించండి, చాలు.